తన్నే రైఫిలుకు తగ్గ మౌంటు

తుపాకుల గురించి ఆడది మాట్లాడితే మగవాళ్లకు నవ్వొస్తుంది. నవ్వుకోనీ. పెద్ద రైఫిలు మీద దుర్బిణి నిలబడాలంటే ఎలాంటి మౌంటు కొనాలో ఈ వయసులో నన్ను నిద్రలేపి అడిగినా తడుముకోకుండా చెప్తాను. మౌంటు అంటే అదేం బ్రహ్మవిద్య కాదు. దుర్బిణిని పట్టుకునే రెండు ఇనుప కడియాలు, ఆ కడియాలను తుపాకి వీపున కూర్చోబెట్టే ఒక ఇనుప పీట, అంతే. ఆ కాస్త ఇనుములోనే మా నాయన పరువంతా ఇరుక్కుపోయిన ఏడాది ఒకటుంది.

మా ఊరు పాకాలకు ఎద్దుల బండి దూరంలో, కొండల కింద ఉంటుంది. అప్పటికి యుద్ధం అయిపోయింది కానీ తెల్లదొరలు ఇంకా పూర్తిగా వెళ్లిపోలేదు. నన్ను మా అమ్మ చిన్నతమ్ముడికే ఇచ్చారు. అందువల్ల నా పుట్టింటికీ మెట్టినింటికీ మధ్య ఒక గోడే అడ్డం. పెళ్లికి ముందు నాయన రైఫిలు తుడిచే పని నాదే, పెళ్లయ్యాక కూడా నాదే. ఇంకొకరు ముట్టుకుంటే నేను ఊరుకునేదాన్ని కాదు.

నాయనది సేద్యం. వేరుశనగ, చెరకు, కొంత మామిడి తోట. కానీ చుట్టుపక్కల పల్లెల్లో ఆయన సేద్యం సంగతి ఎవరికీ పట్టదు. మేకల దొడ్డిలో చిరుత పడిందంటే పరుగెత్తుకుని వచ్చేది ఆయన దగ్గరికే. చిత్తూరు కలెక్టరు కచేరీ నుంచి లైసెన్సు తెచ్చుకున్న పెద్ద రైఫిలు ఆయనది. బొటనవేలంత లావు తూటా. అది పేలితే అడవిపంది పడిన చోటే పడి ఉండేది, కాల్చినవాడి భుజం మాత్రం అదిరిపోయేది. ఆ తన్ను నాకు తెలుసు. చిన్నప్పుడు మొండికేసి ఒకసారి కాల్చి, కొన్నాళ్లు చెయ్యెత్తి జడ వేసుకోలేకపోయాను. నాయన భుజం కమిలితే మాత్రం మంచె కొయ్య ఒత్తుకుందని చెప్పి కండువా కప్పుకునేవాడు.

అమ్మ ఆ తుపాకి పేలగా ఎన్నడూ కళ్లతో చూడలేదు. ఆమెకు చప్పుడే తెలుసు. కొండ వైపు చప్పుడు వినబడగానే దేవుడి గూటి ముందు కూర్చునేది. వాకిట్లో నాయన చెప్పుల చప్పుడు వినిపించేదాకా లేచేది కాదు. తుపాకి గడప దాటేముందు దానికి పూజ చేయడం ఆమె వంతు. అందరూ ఏడాదికొకసారి ఆయుధపూజ చేసుకుంటే, మా ఇంట్లో నాయన వేటకు బయలుదేరిన ప్రతిసారీ ఆయుధపూజే. నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి తుపాకికంతా పట్టించి, పసుపు కుంకుమ పెట్టి, సాంబ్రాణి పొగ చూపించి అప్పుడు చేతికిచ్చేది.

నాయన కళ్లు మసకబారడం మొదట కనిపెట్టింది నేనే. పంచాంగాన్ని చేతులు చాచి దూరంగా పట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. రైఫిలు గొట్టం మీద కంటికి దగ్గరగా ఒక గాడి, చివర ఒక గింజ ఉంటాయి. గాడిలో గింజను కూర్చోబెట్టి కాల్చాలి. కొండ మీది మేకలను లెక్కపెట్టగలిగిన మనిషికి ఆ దగ్గరి గాడి కనబడకుండా పోయింది. ఆయన ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఆ ఏడే ఒక చిరుత కొండ కింది మేకలవాళ్ల పల్లెను పట్టుకుంది. నాయన మంచె కట్టి కూర్చుని, ఆవలి గట్టున ఉన్న జంతువు మీద గురి తప్పాడు. రాయి విసిరితే తగిలే దూరమది. ఊరంతా గుసగుసలు. కొన్నాళ్లకు ఒక మేకలాయన వచ్చి మా అరుగు కింద నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"పెద్దాయనా, నిన్న పొద్దు గూకేటప్పుడు మా ఉయ్యాల కింద నించే మేకను లాక్కుపోయిండాదప్పా. రేపు ఉయ్యాల్లో ఉండేదాన్ని లాక్కుపోతే నేను ఎవురిని అడగాల?"

ఆ మనిషి వెళ్లిపోయాక నాయన రైఫిలును ఒళ్లోకి తీసుకున్నాడు.

"ఈ చిరతను కొట్టలేకపోతే దీన్ని చిత్తూరు కచేరీలో అప్పజెప్పేస్తా పాపా. గుడ్డోడి చేతిలో తుపాకి ఎందుకు?" అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. ఆ తుపాకి లేకపోతే నాయన బతికుండడని కాదు. బతికే ఉంటాడు, అరుగు మీద కూర్చుని ఈగలు తోలుకుంటూ. ఆ నాయనను నేను చూడలేను.

ఇంట్లో పెట్టెలో ఒక దుర్బిణి ఉండేది. ఇంగ్లీషు సీమకు వెళ్లిపోతున్న ఒక అడవుల శాఖ దొర సామాన్లు అమ్ముకుంటుంటే నాయన సరదాపడి తెచ్చాడు. మా ఆయన దాన్ని మిద్దె మీద పెట్టుకుని పాకాల వైపు వెళ్లే రైలు పొగ చూసేవాడు. నిజానికి అది తుపాకి మీద పెట్టుకునే దుర్బిణి. లోపల కూడిక గుర్తులా సన్నటి గీతలున్నాయి. గాడీ గింజా రెండూ అక్కర్లేదు, గీతలు కలిసే చోట జంతువును పెట్టి కాలిస్తే చాలు. నాయన కంటికి పెట్టాను. "సింతాకు కూడా కనబడతా ఉండాదే!" అన్నాడు. గీతలూ కనబడుతున్నాయా అంటే కనబడుతున్నాయన్నాడు.

"ఇంకేం, రాగి తీగెతో బిగించి కట్టేస్తే సాలదా?" అన్నాడు మా ఆయన.

"నీ తలకాయకు కట్టుకో మామా. మొదటి తన్నుకే ఎగిరిపోయి సెట్టెక్కి కూర్సుంటాది" అన్నాను.

అలా నాయన, నేను పాకాలలో రైలెక్కి కాట్పాడిలో బండి మారి మద్రాసు వెళ్లాం. ఆడపిల్లను వెంటబెట్టుకుని తుపాకుల అంగడికా అని బంధువులు బుగ్గలు నొక్కుకున్నారు. "నాకు కండ్లు లేవు, దానికి ఉండాయి" అన్నాడు నాయన.

అంగడి నిండా అద్దాల బీరువాలు. అంగడాయన మంచి మనిషే కానీ, నేనేం అడిగినా జవాబు నాయనకు చెప్పేవాడు. నిగనిగలాడే మౌంటు ఒకటి బల్ల మీద పెట్టాడు. పక్కన చిన్న మీట. "ఈ మీట తిప్పితే చాలండీ, దుర్బిణి చేతికి వచ్చేస్తుంది. మళ్లీ పెట్టుకోవచ్చు. దొరలంతా ఇదే అడుగుతారు" అన్నాడు.

"చేతికి అంత సులువుగా వచ్చేది తన్నుకు రాదా?" అన్నాను.

"ఇది సీమ సరుకమ్మా."

"సీమ సరుకైతే మా తుపాకి మెల్లగా తంతుందా?"

నాయన మీసాల కింద నవ్వుకున్నాడు. అంగడాయన ఇంకొకటి తీశాడు, ఇంకొకటి తీశాడు. ఒకదానికి కడియాలు పలచన. మరోదానికి ముందు కడియం వేరు, వెనక కడియం వేరు, ఒక్కొక్కటి చిన్న మరతో నిలబడింది. నేను అన్నీ పక్కకు తోస్తుంటే ఆయనకు పట్టుదల వచ్చి, కింది అరలోంచి నల్లటి మొరటుది ఒకటి తెచ్చి ఠప్పున పెట్టాడు. "ఇది బరువు. అందం చందం ఉండదు. ఎవరూ అడగరు" అన్నాడు.

చేతిలోకి తీసుకోగానే నాకు తెలిసిపోయింది. పీట ఒకే ముక్క, ఈ చివర నుంచి ఆ చివరకు. కడియాలు వెడల్పుగా ఉండి రెండు పక్కలా మరలతో బిగుస్తున్నాయి. అన్నిటికంటే ముఖ్యం, పీట అడుగున అడ్డంగా ఒక గట్టు ఉంది. తుపాకి వీపు మీద గాడి కోసి ఆ గట్టును అందులో కూర్చోబెట్టాలి. ఎద్దులతో నీళ్లు తోడే మా కపిల బావి దగ్గర దూలాన్ని మోసేది మేకులు కాదు. స్తంభంలో తొలిచిన గాడి మోస్తుంది, మేకు కదలకుండా పట్టుకుంటుంది. మేకు మీదే బరువేస్తే ఎద్దులు రెండు సార్లు నీళ్లు లాగేలోపల దూలం బావిలో ఉంటుంది. పెద్ద రైఫిలూ అంతే. తన్నును గాడి మోయాలి, మర పట్టుకోవాలి.

ఈ మాటే చెప్పాను. అంగడాయన మొదటిసారి నా వైపు తిరిగాడు. "మా వెనక గదిలో బిగించేవాడు కూడా ఇదే అంటాడమ్మా. కొనేవాళ్లే వినరు" అన్నాడు.

బిగించేటప్పుడు దగ్గరే నిలబడ్డాను. దుర్బిణిని కంటికి ఆనించినట్టు పెట్టబోతే వద్దన్నాను. చిన్న తుపాకికి అది చెల్లుతుంది. పెద్దది తన్నిందంటే దుర్బిణి అంచు కనుబొమ్మను కోసేస్తుంది. ముందుకు జరపండి, ఇంకా జరపండి అని, నాయన చెయ్యి కంటికీ దుర్బిణికీ మధ్య పట్టేదాకా జరిపించాను. ఎలా చెప్తే అలా చేశారు పాపం.

ఊరికి రాగానే ఎండిపోయిన ఏట్లో చినిగిన చేటకు సున్నం పూసి, నడుమ మసిబొట్టు పెట్టి నిలబెట్టాం. నాయన ఇసకలో కూర్చుని కాల్చాడు. చూస్తే తూటాలన్నీ అరచేతిలో పట్టేంత మేరలో పడ్డాయి. నాయన ఆ చేటను తల మీద పెట్టుకుని ఊళ్లోకి నడిచాడు. ఆయన అలా నవ్వి ఎంత కాలమైందో! నేనైతే నేల మీద నడవలేదు.

చిరుత మళ్లీ మేకను కొట్టిందని కబురొచ్చింది. అమ్మ పూజ చేసింది. కొత్త వస్తువు కదా, దుర్బిణికీ కడియాలకూ ఇంకొంచెం శ్రద్ధగా, సందుసందునా నూనె పట్టించి నాయన చేతికిచ్చింది. ఇంకా వెలుతురు ఉండగానే చప్పుడు వినబడింది. చిరుత పడితే కొండ నుంచి కిందికి పలకల డప్పుల మోత రావాలి. రాలేదు. నాయన ఒక్కడే వచ్చాడు. తూటా చిరుత వీపు మీదుగా పోయి రాతికి తగిలింది.

"కండ్లే అనుకుంటిని. సెయ్యి కూడా పోయినట్టుండాది" అని రైఫిలును గోడకు తగిలించాడు. అన్నం ముందు కూర్చున్నాడే గానీ ముద్ద ఎత్తలేదు.

"నువ్వు ఏరికోరి తెచ్చిన మౌంటే కదా మే!" అన్నాడు మా ఆయన. ఆ పూట ఆయనకు నా చేతి అన్నం దొరకలేదు.

తప్పు చెయ్యిది కాదు, మౌంటుదీ కాదు. చేట సాక్షి. ఏట్లో నిలబడిన గురి మంచె మీద ఎందుకు నిలబడలేదు? దుర్బిణి జరుగుతోందేమో తేల్చుకుందామని, మరలన్నీ మళ్లీ బిగించి, ముందు కడియం అంచున దుర్బిణి మీద నా కాటుకతో సన్నటి గీత గీశాను. కాల్చాక గీతకూ కడియానికీ మధ్య ఎడం వస్తే దుర్బిణి జారిందని అర్థం. మరునాడు నాయనను బతిమాలి ఏటికి బయల్దేరదీసి, గోడ మీది రైఫిలు చేతిలోకి తీసుకుంటే నా గీత లేదు! తుపాకి గడప దాటుతోందని అమ్మ అప్పటికే పూజ ముగించింది. కాటుకంతా నల్లటి చారికలై నూనెలో కలిసి కడియం సందులోకి పారుతోంది.

అప్పుడు గుర్తొచ్చింది. మొదటిసారి ఏటికి వెళ్లినప్పుడు మద్రాసు నుంచి వచ్చిన పెట్టెలోంచి తుపాకిని తిన్నగా పట్టుకుపోయాం. పూజ జరగలేదు. గోరువెచ్చని నూనె కడియం లోపలికి దిగితే మరను ఎంత బిగించి ఏం లాభం? కొండెక్కేటప్పటి కుదుపులకే దుర్బిణి కడియాల్లో కదులుతుంది, తుపాకి వెనక్కి తన్నినప్పుడల్లా ఇంకా ముందుకు జారుతుంది, గురి పక్కకు పోతుంది. చంటిబిడ్డకు తలంటినట్టు ఇనుముకు తలంటితే ఇంకేమవుతుంది!

నాయనకు చెప్పాను. అంతా విని తలూపాడు. నూనె సంగతి నేను చెప్పగానే ఆయనకు అర్థమైంది.

"మీ అమ్మకు మాత్రం సెప్పొద్దు. ఆ పూజ లేకుండా నేను ఇల్లు దాటను" అన్నాడు.

"అయితే చిరత?"

"తప్పితే తప్పనీ."

నాకు మండిపోయింది. చిరుత ఎదురుగా నిలబడితే రెప్ప వేయని మనిషికి అమ్మ కళ్లలో నీళ్లంటే అంత భయం! ఆయన చెప్పొద్దంటే ఊరుకోవడానికి ఉయ్యాల్లో పిల్ల ఆగుతుందా? తిన్నగా వంటింట్లోకి పోయి అమ్మకు చెప్పేశాను.

"నా నూనె వల్ల పులి తప్పిపోయిందా? ఏమే, రెండు మరలు తిప్పడం వస్తే దేవుడికంటే పెద్దదానివైపోయినావా?" అని లేచింది అమ్మ.

"దేవుడికి కుంకం సాలదా మా? ఇనుముకు నూనె తాపితేనే ఒప్పుకుంటాడా?"

"ఇన్నేండ్లూ మీ నాయన కొండ మీద నించి ఇంటికి ఎట్ల వచ్చినాడనుకున్నావు? నేను పెట్టిన నూనెతోనే వచ్చినాడు."

ఆమె దేవుడి గూటి ముందు కూర్చున్న సాయంత్రాలన్నీ ఆ మాటలో ఉన్నాయి. అయినా నేను ఆమె కూతుర్నే కదా, మొండితనం ఎక్కడికి పోతుంది?

"సరే, నీ నూనె మహిమ నువ్వే వచ్చి సూడు. ఏటి దాకా రా" అన్నాను.

"పద. నాకేం భయమా?" అని కొంగు బిగించింది.

ఏట్లో నేను దుర్బిణి బయటి నూనె తుడిచి, కాటుక గీత మళ్లీ గీసి, గీత కడియానికి ఆని ఉందని అమ్మకు చూపించాను. చూసీ చూడనట్టు చూసింది. నాయన ఆమెను చూసి ఇబ్బంది పడుతూనే ఇసకలో కూర్చుని, రైఫిలు మడమను భుజానికి ఆనించుకున్నాడు. అమ్మ చెవులు మూసుకుంది. కళ్లు మాత్రం తెరిచే ఉంచింది.

తుపాకి పేలింది. నాయన భుజం వెనక్కి పోయింది, తల విదిలించినట్టయింది, కాళ్ల మడమలు ఇసకలో దిగబడ్డాయి. తూటా చేట అంచును చీల్చుకుపోయింది. నేను పరుగున వెళ్లి దుర్బిణి చూశాను. నా గీత కడియాన్ని వదిలి వడ్లగింజంత ముందుకు జరిగి ఉంది.

"సూడు మా, సూడు! జారిందా లేదా?" అని అరిచాను.

అమ్మ అటు తిరగలేదు. నాయన వైపే చూస్తూ నిలబడింది. ఇంటికి రాగానే కిరసనాయిలు సీసా, పాత పంచె గుడ్డ తెచ్చి నా ముందు పెట్టి, "తుడువు. ఒక్క సుక్క కూడా లేకుండా తుడువు" అంది. వాదన గెలిచాననుకున్నాను. నా కాటుక గీత ముందు ఎవరైనా ఒప్పుకోవాల్సిందే అనుకుని మురిసిపోయాను.

కడియాలు విప్పి, లోపలా బయటా కిరసనాయిలుతో కడిగి, ఎండలో ఆరబెట్టి, నా బలమంతా పెట్టి బిగించి, కాటుక గీత మళ్లీ గీశాను. నాయన మళ్లీ ఏట్లో కాల్చి గురి సరిచూసుకున్నాడు. తూటాలు మళ్లీ అరచేతి మేరలోకి వచ్చాయి. బయలుదేరే రోజు అమ్మ ఆ తుపాకి మడమ చెక్క మీద పొడి కుంకుమ బొట్టు ఒక్కటి పెట్టింది. నాయన ఆమె ముఖంలోకి చూశాడు. "పోయి రాపో" అంది అమ్మ.

పొద్దు కొండ వెనక్కి వాలుతుండగా చప్పుడైంది. ఒకటే చప్పుడు. ఆ వెనకే పలకలు మోగాయి. చిరుతను కొయ్యకు కట్టి ఊరు ఊరంతా మోసుకొచ్చారు. ఆ మేకలాయన మా వాకిట్లో బిడ్డను ఎత్తుకుని గంతులు వేశాడు. నేను అందరికంటే ముందు రైఫిలు అందుకుని గీత చూశాను. వెంట్రుకవాసి కదల్లేదు. నా మౌంటు! ఈ మాట ముందు అమ్మకే చెప్పాలని ఇంట్లోకి పరుగెత్తాను.

అమ్మ చిరుతను చూడ్డానికే రాలేదు. వెనక పంచలో నాయనను పీట మీద కూర్చోబెట్టింది.

"సొక్కా విప్పు."

"బయట జనం ఉండారు..."

"విప్పమంటినా లేదా?"

విప్పాడు. భుజమంతా నల్లగా కమిలిపోయి ఉంది. దాని అంచున ఏట్లో కాల్చిన రోజుల పచ్చటి మరకలు. పూజలో వాడే నూనె గిన్నె అమ్మ చేతిలో ఉంది, ఆవిరి లేస్తోంది. వేళ్లు ముంచి మెల్లగా ఆ నలుపు మీద రాసింది. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను.

"ఇన్నేండ్లూ నా సేత దానికి నూనె పూయించినావు. అది నిన్ను కొడతా ఉండాదని ఒక్క రోజన్నా సెప్పినావా?" అంది అమ్మ.

నాయన కళ్లు మూసుకుని, భుజాన్ని ఆమె చేతికి ఇంకొంచెం దగ్గరగా జరిపాడు.